రేడియో పక్కన పెట్టింది, గ్రామీ నెత్తిన పెట్టుకుంది: ‘గోల్డెన్ అవర్’ చిక్కుముడి

2019 ఫిబ్రవరి 10న లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ అవార్డుల రాత్రి. అన్నిటికంటే పెద్దదైన ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్‌కి కేసీ మస్‌గ్రేవ్స్ పేరు చదివారు. ఎనిమిది ఆల్బమ్‌ల పోటీ అది. డ్రేక్ ఉన్నాడు, కార్డీ బీ ఉంది, పోస్ట్ మలోన్ ఉన్నాడు, కెండ్రిక్ లమార్ దగ్గరుండి కూర్చిన ‘బ్లాక్ పాంథర్’ సినిమా ఆల్బమ్ ఉంది. వీళ్లందరినీ దాటి గెలిచింది టెక్సస్ నుంచి వచ్చిన ఒక కంట్రీ గాయని, తన పాటలు తనే రాసుకునే మనిషి, ‘గోల్డెన్ అవర్’ అనే పదమూడు పాటల ఆల్బమ్‌తో.

నేనుండేది డాలస్ పక్కన. ఆ ముందు ఏడాదంతా ఆఫీసుకి వెళ్లొచ్చే దారిలో కారులో కంట్రీ స్టేషనే పెట్టుకునేవాణ్ణి, మిగతావాటిలో యాడ్స్ ఇంకా ఎక్కువని. ఈ ఆల్బమ్‌లో ఒక్క పాట కూడా నా చెవిన పడలేదు. సరే, నా ఒక్కడి చెవుల్ని లెక్కలోకి తీసుకోకండి, చార్టులు కూడా ఇదే చెప్తున్నాయి: ఈ ఆల్బమ్ నుంచి వచ్చిన ఏ సింగిల్ (రేడియోకి విడిగా పంపే పాట) కూడా కంట్రీ రేడియో చార్టులో టాప్ 10 మొహం చూడలేదు. ఒక ఆల్బమ్‌ని దేశంలోనే ఉత్తమమైనదని ఒకళ్లు అంటారు, ఆ సంగీతమే వేసుకుని బతికే రేడియో మాత్రం దాని వైపు చూడదు. ఇదెలా కుదిరింది? రేడియోవాళ్లకి టేస్ట్ లేదనో, ఇది అసలు కంట్రీయే కాదనో ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ పూర్తిగా నిజం కావు.

ముందు ఆ ‘కంట్రీ’ అనే మాట. దాన్ని పల్లెపదం అని అనువదించుకుంటే పప్పులో కాలేసినట్టే. 1920లలో అమెరికా రికార్డు కంపెనీలు దక్షిణాది పల్లెల్లో తెల్లవాళ్లు పాడేదాన్ని ‘హిల్‌బిల్లీ’ అని, నల్లవాళ్లు పాడేదాన్ని ‘రేస్ రికార్డ్స్’ అని విడదీసి అమ్మేవి. నిజానికి ఇద్దరూ పాడుకునే పాటలు చాలావరకు ఒకటే, వాయించే బాంజో అయితే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిన వాయిద్యం. హిల్‌బిల్లీ అనే మాట వెక్కిరింపులా ఉందని తర్వాత్తర్వాత కంట్రీ అని మార్చారు. అంటే ఇది పుట్టుకతోనే షాపులో అరకి అంటించిన లేబుల్. ఆ అరలో ఏది పెట్టాలో ఎవరు చెప్తారన్నదే వందేళ్లుగా గొడవ.

కేసీ పుట్టింది 1988లో, డాలస్‌కి తూర్పున గంటన్నర దూరంలో. తూర్పు టెక్సస్‌లో గోల్డెన్ అనే చిన్న ఊరు ఆమెది, చిలగడదుంపల పండగకి పేరున్న ఊరు. ఆల్బమ్ పేరులో ఆ ఊరు కూడా ఉందని గమనించారా? చిన్నప్పుడే టోపీ, బూట్లు వేసుకుని పాతకాలపు వెస్టర్న్ స్వింగ్ పాటలు పాడుతూ స్టేజీలెక్కింది. 2007లో ‘నాష్‌విల్ స్టార్’ అనే టీవీ పోటీలో ఏడో స్థానం. తర్వాత కంట్రీ పరిశ్రమకి కేంద్రమైన నాష్‌విల్ వెళ్లి పాటలు రాసే పనిలో పడింది.

ఇక్కడ ఒక చిన్న వివరణ. సింగర్-సాంగ్‌రైటర్ అనగానే మనకి వాగ్గేయకారులు గుర్తొస్తారు, ఒక్కళ్లే కూర్చుని రాసుకుని పాడుకునేవాళ్లు. నాష్‌విల్‌లో పద్ధతి వేరు. అక్కడ పదకొండింటికి అపాయింట్‌మెంట్ పెట్టుకుని ఇద్దరో ముగ్గురో ఒక గదిలో కూర్చుంటారు, సాయంత్రానికి పాట తయారు. దాన్ని కో-రైట్ అంటారు. కేసీ కూడా అలా రాసే మనిషే, కానీ ఎవరితో రాసినా వెటకారం, చివరి పదంలో తిప్పే మలుపు ఆమెవేనని తెలిసిపోతుంది.

2013లో వచ్చిన మొదటి పెద్ద ఆల్బమ్ ‘సేమ్ ట్రైలర్ డిఫరెంట్ పార్క్’కి ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. అందులో ‘ఫాలో యువర్ యారో’ అనే పాట ఉంది. ఏం చేసినా లోకం ఏదో ఒకటి అంటుంది కాబట్టి నీకు నచ్చినవాళ్లని ప్రేమించు, నీ దారిన నువ్వు పో అనేది దాని సారం. అబ్బాయిలు అబ్బాయిల్ని, అమ్మాయిలు అమ్మాయిల్ని ముద్దుపెట్టుకున్నా తప్పులేదనే మాట, గంజాయి మాట రెండూ అందులో ఉన్నాయి. రేడియో జడుసుకుంది. 2013లో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) అవార్డుల వేదిక మీద పాడితే టీవీవాళ్లు గంజాయి మాట దగ్గర శబ్దం నొక్కేశారు. విచిత్రం ఏంటంటే మరుసటి ఏడాది అదే సీఎంఏ అదే పాటకి సాంగ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చింది. ఈ తంతు గుర్తుపెట్టుకోండి, ఐదేళ్ల తర్వాత పెద్ద స్కేల్‌లో మళ్లీ జరుగుతుంది.

రేడియో ఎందుకు జడుసుకుంటుంది? అమెరికా కంట్రీ రేడియో అంటే మన వివిధ భారతిలా ఉత్తరం రాస్తే పాట వేసే వ్యవహారం అనుకోకండి. ఒక స్టేషన్‌లో ఒక సమయానికి తిరిగే కొత్త పాటలు ముప్పై, అటూ ఇటూగా. అందులోకి ఎక్కాలంటే లేబుల్ (అంటే రికార్డు కంపెనీ) మనుషులు, ఏ పాట వేయాలో తేల్చే ప్రోగ్రామ్ డైరెక్టర్ల వెంట నెలల తరబడి పడాలి, పాడేవాళ్లు ఊరూరా తిరిగి స్టేషన్ల కాన్ఫరెన్స్ రూముల్లో గిటార్ పట్టుకుని నవ్వుతూ పాడి వినిపించాలి (దీన్ని రేడియో టూర్ అంటారు, నిజానికి పెళ్లిచూపులు), ఇంతా చేసి ఎక్కిన పాట పైకి పాకడానికి ఆరు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. మధ్యలో శ్రోతలకి పాటలో కొన్ని సెకన్ల ముక్క వినిపించి ఇది మీకు తెలుసా, విసుగొచ్చిందా అని అడిగే సర్వేలు. స్టేషన్ అమ్మేది పాటల్ని కాదు, యాడ్స్‌ని. కారులో ఉన్న మనిషి చెయ్యి బటన్ మీదకి వెళ్లకుండా చూడటమే వాళ్ల పని. అలాంటిచోట నెమ్మదిగా మొదలై, ఎక్కడా గట్టిగా అరవని పాటకి చోటెక్కడ? 1996లో వచ్చిన టెలికాం చట్టంతో దేశం మొత్తం మీద ఒక కంపెనీ ఎన్ని స్టేషన్లైనా కొనుక్కోవచ్చన్నారు, క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకే 1,200కి పైగా స్టేషన్లు వెళ్లాయి. దాంతో ఏ ఊళ్లో విన్నా అవే ముప్పై పాటలు.

ఇందులోనే ఆడవాళ్ల సంగతి ఒకటుంది, అసలు ముడి అదే. 2015లో కీత్ హిల్ అనే రేడియో కన్సల్టెంట్ ఒక ఇండస్ట్రీ పత్రికతో మాట్లాడుతూ కంట్రీ స్టేషన్లకి రేటింగ్స్ కావాలంటే ఆడవాళ్ల పాటలు తగ్గించమన్నాడు. మగ గాయకులు సలాడ్‌లో ఆకుకూర, ఆడవాళ్లు పైన అక్కడక్కడా వేసే టమాటాలు అని పోలిక కూడా చెప్పాడు. పెద్ద దుమారం లేచింది, దానికి టమాటా గొడవ అనే పేరు నిలిచిపోయింది. ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు పాపం, అందరూ లోపల పాటించేదాన్ని బయటికి అన్నాడు. ఒట్టావా యూనివర్సిటీకి చెందిన జాడా వాట్సన్ అనే పరిశోధకురాలు ఏటా కంట్రీ రేడియోలో ఎక్కువగా వేసిన పాటల జాబితాలు తీసి లెక్కేస్తే, 2000లో మూడో వంతు ఉన్న ఆడవాళ్ల పాటలు 2018 నాటికి 11 శాతం దగ్గరికి పడిపోయాయి. వరసగా రెండు ఆడ గొంతులు వేయకూడదనే నియమం ఎక్కడా రాసి ఉండదు, కానీ 2020లో మిషిగన్‌లోని ఒక స్టేషన్ అమాయకంగా ట్విట్టర్‌లో ఆ నియమం మాకుందని చెప్పేసింది. దానికి కేసీ నాలుగు చీవాట్లు పెట్టి, వీళ్లు నన్ను ఆపలేరని ఎప్పుడో తేల్చుకున్నానని బదులిచ్చింది.

ఈ నేపథ్యంలో 2018 మార్చి 30న ‘గోల్డెన్ అవర్’ వచ్చింది. అప్పటికి ఆమెకి పెళ్లై ఆరు నెలలు కాలేదు. డేనియల్ టాషియన్, ఇయాన్ ఫిచుక్ అనే ఇద్దరితో కలిసి ప్రొడ్యూస్ చేసింది, చాలావరకు గాయని షెరిల్ క్రో ఇంటి దగ్గర గుర్రాలశాల పైన ఉన్న స్టూడియోలో రికార్డ్ చేశారు. ముందు ఆల్బమ్‌లలో ఉన్న వెటకారం ఇందులో సగానికి తగ్గింది. ప్రేమలో పడ్డ మనిషి లోకాన్ని చూసి ఆశ్చర్యపోవడం, ఆ ఆనందంలోనే ఇది పోతుందేమోనని బెంగపడటం, ఇదే సరుకు.

మొదటి పాట ‘స్లో బర్న్’ ఒక్క గిటార్‌తో మొదలవుతుంది. నెలలు నిండకుండా పుట్టాను, ఆ తర్వాత మాత్రం దేనికీ వేళకి రాలేదు అని తన మీద తనే జోకేసుకుంటూ, నిదానంగా కాలే సెగలా బతకడం గురించి పాడుతుంది. డ్రమ్స్ వస్తాయి గానీ వచ్చినట్టే తెలియదు. రేడియో సర్వేలో వినిపించే కొన్ని సెకన్ల ముక్కకి ఈ పాటలో ఏం కత్తిరిస్తారో నాకైతే అర్థం కాదు.

‘స్పేస్ కౌబాయ్’ పేరు చూసి అంతరిక్షంలో గుర్రపు రౌతు అనుకుంటాం. పాట వింటే మధ్యలో కామా ఉందని తెలుస్తుంది: నీకు కావాల్సినంత దూరం తీసుకో, కౌబాయ్ అని విడిపోయే ప్రేమికుడితో అంటోంది. మన అలంకారశాస్త్రం చదివినవాళ్లు దీన్ని సభంగ శ్లేష పక్కన కూర్చోబెడతారు, మాటని విరిచే చోటుని బట్టి అర్థం మారుతుంది. చివరి పదంతో మెలిక తిప్పడం నాష్‌విల్ పాటల రచయితల పాత విద్య. ఆల్బమ్ మొత్తంలో ఇంతకంటే కంట్రీ అయిన పని ఇంకోటి లేదు, అయినా రేడియోకి పట్టలేదు.

ఇక ‘హై హార్స్’ డిస్కో పాట. తానే గొప్పని విర్రవీగేవాణ్ణి ఇంగ్లీషులో ఎత్తు గుర్రం ఎక్కాడంటారు, ఈమె ఆ గుర్రం మీదే ఊరు దాటి పొమ్మంటుంది. డిస్కో తాళానికి కౌబాయ్ సామెత తగిలించడంలో ఉన్న చిలిపితనం నాకు చాలా ఇష్టం. ‘ఓ, వాట్ ఎ వరల్డ్’లో మొదట వోకోడర్ అనే పరికరం ద్వారా యంత్రంలా మారిన గొంతు వినిపిస్తుంది, దాని కిందనుంచే బాంజో లేస్తుంది. ‘మదర్’ నిమిషం దాటి కాసేపే ఉంటుంది, దూరాన ఉన్న అమ్మ మీద బెంగ, ఎల్‌ఎస్‌డీ మత్తులో ఉన్నప్పుడు తట్టిందని ఆమే చెప్పింది. అన్నీ గొప్పవని అనను. ‘వెల్వెట్ ఎల్విస్’ పోలిక ఒక్కటే పట్టుకుని వేలాడే పాట, ‘వండర్ వుమన్’ ఇంకెవరు పాడినా సరిపోయేది. చివరి పాట ‘రెయిన్‌బో’ ఆల్బమ్‌కి చాలా ముందే రాసుకున్నది. వాన వెలిసినా గొడుగు దించని మనిషితో నీ తల మీద ఇంద్రధనుస్సు ఎప్పట్నుంచో ఉంది చూడు అంటుంది, పియానో ఒక్కటే తోడు. గ్రామీ రాత్రి స్టేజీ మీద ఈ పాట కూడా పాడింది.

విమర్శకులు ఆకాశానికెత్తారు. రివ్యూలన్నిటినీ కలిపి మార్కులేసే మెటాక్రిటిక్‌లో 89 వచ్చింది, 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక తిరగరాసిన ఐదొందల గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో కూడా చోటు దొరికింది. కానీ ఆ మెచ్చుకోళ్లలో ఒక ధోరణి నాకు చిరాకు. కంట్రీ ఎల్లలు దాటేసిందని, కంట్రీ నచ్చనివాళ్లకి కూడా నచ్చుతుందని. పొగిడినట్టే ఉంటుంది, కానీ లోపల కంట్రీ అంటే తక్కువరకం అనే భావం దాక్కుని ఉంది. కంట్రీ మహారాణి డాలీ పార్టన్ ఎప్పుడో డెబ్బైల చివర్లోనే పాప్ వైపు వెళ్లొచ్చింది, పాతతరం కంట్రీ గాయకుడు గ్లెన్ క్యాంప్‌బెల్ పాటల వెనక వయొలిన్ల దండే ఉండేది. కేసీ ఎల్ల దాటలేదు, ఆ ఇంట్లో ఎప్పుడూ ఉన్న కిటికీ ఒకటి తెరిచింది.

అమ్మకాలు? మొదటి వారం సుమారు 49 వేల యూనిట్లు, బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్‌ల చార్టు ‘బిల్‌బోర్డ్ 200’లో నాలుగో స్థానం, కంట్రీ ఆల్బమ్‌లలో మొదటిది. బాగానే ఉంది, బ్రహ్మాండం ఏం కాదు. ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎందుకంటే బిల్‌బోర్డ్‌లో కంట్రీకి చార్టులు చాలా ఉన్నాయి. ఆల్బమ్‌ల చార్టు కొనేవాళ్లని, స్ట్రీమ్ చేసేవాళ్లని లెక్కిస్తుంది. కంట్రీ ఎయిర్‌ప్లే అచ్చంగా రేడియోవాళ్లు ఏం వేశారన్నది. హాట్ కంట్రీ సాంగ్స్‌లో 2012 నుంచి అమ్మకాలు, స్ట్రీమింగ్‌తో పాటు పాప్ స్టేషన్లలో వేసినవి కూడా కలుస్తాయి. దాంతో ఏమైందంటే పాప్ గాయని బీబీ రెక్సా, ఫ్లోరిడా జార్జియా లైన్ అనే కంట్రీ జంటతో కలిసి పాడిన ‘మెంట్ టు బీ’ ఆ చార్టు మీద 50 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది, సరిగ్గా ‘గోల్డెన్ అవర్’ వచ్చిన కాలంలోనే. ఆ పాటలో లేని పెడల్ స్టీల్ (కంట్రీకి గుర్తులాంటి, జారుతూ పలికే గిటార్), బాంజో ఈ ఆల్బమ్‌లో ఉన్నాయి. కాబట్టి ఇది కంట్రీలా లేదు గనక రేడియో వేయలేదనే వాదన నిలబడదు.

2018 నవంబర్‌లో సీఎంఏ దీన్ని ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంచింది. సీఎంఏలో ఓటేసేవాళ్లలో లేబుళ్లవాళ్లు, పాటల రచయితలతో పాటు రేడియోవాళ్లు కూడా ఉంటారు. సరిగ్గా ఆ తర్వాతి నెలలో, డిసెంబర్‌లో ఒక వారం, కంట్రీ ఎయిర్‌ప్లే టాప్ 20లో ఒక్క ఆడగొంతు కూడా లేకుండా పోయింది, 1990లో ఆ చార్టు మొదలయ్యాక మొదటిసారి. పొద్దున్న దండ వేసి మధ్యాహ్నం గేటు వేసేయడం అన్నమాట. దీన్ని కపటం అని తిట్టడం తేలిక. నాకు మాత్రం ఇలా అనిపిస్తుంది: ఓటేసేటప్పుడు మనిషి తనకి నచ్చింది చెప్తాడు, స్టేషన్‌లో కూర్చున్నప్పుడు తన ఉద్యోగం పోకుండా ఉండేది చేస్తాడు.

గ్రామీ సంగతికొస్తే, అక్కడ ఓటేసేది వేలమంది సంగీతకారులు, ఇంజనీర్లు, ప్రొడ్యూసర్లు. రేడియో అంటే వాళ్లకి లెక్కలేదు, చక్కగా వాయించి చక్కగా రికార్డ్ చేసిన ఆల్బమ్ అంటే పడి చస్తారు. పైగా ఆ ఏడాదే నామినేషన్లు ఐదు నుంచి ఎనిమిదికి పెంచారు, హిప్‌హాప్ ఓట్లు చీలాయని కూడా ఒక వాదన ఉంది. హిప్‌హాప్ అభిమానుల కడుపుమంటలో న్యాయం లేకపోలేదు, 2004లో ఔట్‌కాస్ట్ అనే ర్యాప్ జంట తర్వాత ర్యాప్ ఆల్బమ్ ఏదీ ఈ అవార్డు గెలవలేదు. అయినా పోటీలో ఉన్నవాటిని మళ్లీ మళ్లీ విన్నాక నా ఓటు దీనికే. రేడియో గెంటేసిన కంట్రీకి గ్రామీ పట్టం కట్టడం ఇది మొదటిసారి కూడా కాదు. 2003లో లండన్ వేదిక మీద అధ్యక్షుడు బుష్‌ని విమర్శించినందుకు డిక్సీ చిక్స్ అనే ఆడవాళ్ల కంట్రీ బృందం పాటల్ని స్టేషన్లు ఆపేశాయి, 2007లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వాళ్లకే వచ్చింది.

ఆ రాత్రి నామినేట్ అయిన నాలుగింటికి నాలుగూ గెలుచుకుంది కేసీ, అందులో ఉత్తమ కంట్రీ ఆల్బమ్ కూడా ఒకటి. ఆ తర్వాత ‘రెయిన్‌బో’ని రేడియోకి పంపారు. అదీ పెద్దగా కదల్లేదు.

కథ ఇక్కడ ఇంకో మెలిక తిరుగుతుంది. పెళ్లి విడాకులతో ముగిసింది, దాని మీదే 2021లో ‘స్టార్-క్రాస్డ్’ ఆల్బమ్ చేసింది. ఈసారి గ్రామీవాళ్లే, ఏ ఆల్బమ్ ఏ విభాగంలోకి వస్తుందో తేల్చే కమిటీ, ఇది కంట్రీ విభాగానికి చెల్లదంది. లేబుల్ పెద్దలు మండిపడి ఉత్తరం రాశారు. చిత్రం ఏంటంటే ఆల్బమ్ కంట్రీ కాదట గానీ అందులోని ‘కెమెరా రోల్’ అనే పాట మాత్రం కంట్రీయేనట, దానికి కంట్రీ విభాగంలో నామినేషన్లు కూడా వచ్చాయి. ఇంట్లోవాళ్లు బంధువులే, ఇల్లు మాత్రం మా వీధిలో లేదన్నట్టు. మూడేళ్ల క్రితం నాలుగు గ్రామీలు చేతిలో పెట్టినవాళ్లే ఈ మాట అన్నారు.

2025లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ ఉత్తమ కంట్రీ ఆల్బమ్, ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ రెండూ గెలిచాక మళ్లీ గొడవ రేగింది. కొన్ని నెలలకే గ్రామీ ఆ విభాగాన్ని రెండు ముక్కలు చేసింది: ఒకటి సంప్రదాయ కంట్రీ ఆల్బమ్, ఇంకోటి సమకాలీన కంట్రీ ఆల్బమ్. వోకోడర్ గొంతూ బాంజో ఒకే పాటలో పక్కపక్కన కూర్చున్న ‘గోల్డెన్ అవర్’ ఇప్పుడు వచ్చుంటే, దాన్ని ఏ ముక్కలో వేయాలో తేల్చడానికి ఆ కమిటీ ఎన్నిసార్లు టీ తెప్పించుకునేదో.